ఒక బల్ల, రెండు వరుసలు

కోటకింది చర్చిలో గిన్నె మార్చాలన్న మాట మొదట ఎత్తింది లలితమ్మే. ఆ సంగతి ఇప్పుడు ఎవరు గుర్తుచేసినా ఆమె కాదనదు. కానీ తను అడిగింది ఒకటి, పెద్దమనుషులు చేసింది ఇంకొకటి అని మాత్రం గొంతు పెంచి మరీ చెబుతుంది.

మెదక్‌లో చర్చి అంటే బయటివాళ్లకు గుర్తొచ్చేది ఆ పెద్ద గుడే. దాన్ని చూడటానికి బస్సులు కట్టుకుని వస్తారు, ఫోటోలు దిగి పోతారు. కోటకింది చర్చిని చూడటానికి ఎవరూ రారు. రేకులు తీసేసి స్లాబు వేసి చాలా ఏళ్లేమీ కాలేదు గానీ, వాన గట్టిగా పడితే ఇప్పటికీ ఒక మూల బకెట్ పెట్టాల్సిందే. ఈ సంఘంలో మనుషులు రెండు రకాలు. ఒకరు చర్చి వెనక కిందివాడలో ఉండేవాళ్లు. తాపీ పని, హమాలీ పని, బీడీలు చుట్టడం, ఇళ్లల్లో అంట్లు తోమడం వాళ్ల బతుకు. ఇంకొకరు చదువుకుని, నౌకరీలు సంపాదించి, ఊరి చివర కొత్త కాలనీలో ఇళ్లు కట్టుకున్నవాళ్లు. రెండు రకాలు అన్నామే గానీ, తాతల దాకా పోతే ఒక్కటే రకం. అందరి తాతలూ ఊరవతల గుడిసెల్లోంచి వచ్చినవాళ్లే. ఆ మాట కాలనీలో ఎవరూ ఎత్తరు, వాడలో ఎవరూ మరిచిపోరు.

లలితమ్మ సర్కారు దవాఖానాలో స్టాఫ్ నర్సు. ఆమె ఇల్లూ కొత్త కాలనీలోనే ఉంది. తల్లి ఆగమ్మ ఆమె దగ్గరే ఉంటుంది. కానీ ఆదివారం చర్చిలో అడుగుపెట్టగానే కూతుర్ని కుర్చీల వైపు వదిలేసి, తాను పోయి వాడ ఆడవాళ్లతో చాప మీద కూర్చుంటుంది. మోకాళ్లు పట్టేసి లేవలేకపోయినా సరే, కుర్చీ ఎక్కదు.

నెలనెలా మొదటి ఆదివారం అక్కడ ప్రభు భోజనం ఉంటుంది. బల్ల ముందు కొయ్య కటకటాల దగ్గర జనం వరుసగా మోకరిస్తారు. పాస్టరు అయ్యగారు రొట్టెముక్క చేతిలో పెట్టి, వెండిపూత గిన్నెలోని ద్రాక్షరసం ఒక్కొక్కరి పెదవులకు అందిస్తాడు. ఒకరు తాగాక అంచును తెల్లగుడ్డతో తుడిచి, గిన్నెను కొద్దిగా తిప్పి, పక్కవాళ్లకు ఇస్తాడు. ఎంతమంది ఉన్నా గిన్నె ఒకటే.

ఆ గిన్నె అంటే ఆగమ్మకు ఎంత పట్టింపో తెలియనివాళ్లు చర్చిలో లేరు. ఎందుకంటే ఆమె చెప్పిన కథే మళ్లీ చెబుతుంది, వినేవాళ్లు తప్పించుకునేదాకా చెబుతుంది. ఆమె పుట్టింది పాపన్నపేట దిక్కు, మంజీర ఒడ్డున ఒక పల్లెలో. ఊళ్లో ఒక చాయ్ హోటల్ ఉండేది. లోపల చెక్క అల్మారాలో గాజు గ్లాసులు ఊరివాళ్లకు. వాడవాళ్ల గ్లాసులు బయట చూరులో గుచ్చి ఉండేవి. నాట్లేసి వచ్చిన ఆడమనిషి చూరులోంచి తన గ్లాసు తీసుకుని, తానే కడుక్కుని, చేయి చాచి పట్టుకుంటే హోటలాయన తగలకుండా పైనుంచి పోసేవాడు. తాగాక మళ్లీ కడిగి మళ్లీ చూరులో పెట్టి పోవాలి. తెలియని పిల్లలెవరైనా లోపలి గ్లాసు మీద చెయ్యి వేయబోతే, ఆయన కోపం కూడా తెచ్చుకోకుండా, మీది గటుంది అని చూరు చూపించేవాడు.

ఆగమ్మ వయసుకొచ్చాక పెళ్లి చేసుకుని మెదక్ వచ్చింది. ఈ చర్చిలోనే మొదటిసారి బల్ల ముందు మోకరించింది. ఆమెకు ఒక పక్క అదే పల్లె నుంచి వచ్చిన నిర్మలమ్మ, చిన్నప్పుడు ఇద్దరూ ఒకే మడిలో నాట్లేసినవాళ్లు. ఇంకో పక్క తాలూకా ఆఫీసు గుమస్తా భార్య, పట్టుచీర కట్టుకుని, మెడలో గొలుసు వేసుకుని ఉంది. గుమస్తా భార్య తాగింది. అయ్యగారు అంచు తుడిచాడు. తన కోసం వేరే గిన్నె ఎక్కడినుంచి తెస్తాడో అని ఆగమ్మ తల ఎత్తి చూసింది. తేలేదు. అదే గిన్నె ఆమె పెదవులకు ఆనించాడు. ఆ రోజు రసం తీపో పులుపో తనకు తెలియలేదనీ, అంచు చల్లగా తగలడం ఒక్కటే తెలిసిందనీ ఆగమ్మ చెబుతుంది. చెప్పిన ప్రతిసారీ కింది పెదవిని వేలితో తడుముకుంటుంది.

అటువంటి మనిషి కడుపున పుట్టి లలితమ్మ గిన్నె మార్చాలని అడిగిందంటే దానికి కారణం కరోనా. ఆ రెండేళ్లూ దవాఖానాలో ఆమె చూడనిది లేదు. చర్చి మళ్లీ తెరిచిన రోజు చాపల మీద ఎంత జాగా ఖాళీగా ఉందో కూడా చూసింది. గిన్నె మళ్లీ పెదవి నుంచి పెదవికి పోతుంటే ఆమె ఊరుకోలేకపోయింది. సంఘ కమిటీలో లేచి నిలబడి, చాలా చర్చిల్లో ఎప్పుడో వచ్చిన పద్ధతే మనమూ పెట్టుకుందాం, చిన్న చిన్న స్టీలు కప్పులు తెద్దాం, అందరికీ అవే ఇద్దాం అని చెప్పింది.

ఇంట్లో తల్లితో పెద్ద యుద్ధమే అయింది. తను పోయేదాకా ఆగి, ఆ తరువాత ఏమైనా చేసుకొమ్మని ఆగమ్మ కసిరింది. కూతురు వడ్డించిన అన్నం ముట్టలేదు. లలితమ్మ ఓపిగ్గా కూర్చుని, ఎవరెవరు ఎట్లా పోయారో, చివరి రోజుల్లో వాళ్ల పక్కన తానొక్కతే ఎట్లా ఉందో ఒక్కొక్కరి పేరు పెట్టి చెప్పింది. ఆగమ్మ అంతా విని, చివరికి ఒక్కటే అడిగింది.

“గా చిన్నయి అందరికీనా?”

“అందరికీ అవే, అవ్వా.”

“గట్లయితే కానియ్యి. గిన్నె పెద్దదైతేంది, చిన్నదైతేంది. అందరం ఒక్కతీరు తాగితే సాలు.”

ఎనభై ఏళ్ల మనిషి ఒక్క పూటలో దిగొచ్చింది. చదువుకున్న కమిటీ దిగిరావడానికి చాలా నెలలు పట్టింది. దిగొచ్చిన తీరు చూస్తే దిగకపోయినా బాగుండేది అనిపిస్తుంది.

కమిటీ సెక్రటరీ చంద్రకాంత్. ఆ నిర్మలమ్మ కొడుకే. ప్రైవేటు జూనియర్ కాలేజీ నడుపుతాడు, మాట తియ్యన, ఎవరినీ నొప్పించడు. వాడ పెద్దమనుషులేమో గిన్నె తాతలనాటిది, దాన్ని తీయనియ్యం అని కూర్చున్నారు. కాలనీవాళ్లేమో ఆ గిన్నెతో తాగితే రోగాలొస్తాయని, అది ఉన్నంతకాలం బల్లకు రామని కూర్చున్నారు. కొత్తగా వచ్చిన స్వామిదాస్ అయ్యగారికి ఇదే మొదటి సంఘం. గొడవ లేకుండా ఉంటే చాలు, ఏదైనా సరే అన్నట్టు ఉండేవాడు. అప్పుడు చంద్రకాంత్ ఒక ఉపాయం చెప్పాడు. రెండూ పెడదాం. బల్లకు కుడివైపు చిన్న కప్పులు, ఎడమవైపు గిన్నె. ఎవరి ఇష్టం వాళ్లది. సంప్రదాయానికి సంప్రదాయమూ నిలబడుతుంది, మార్పుకు మార్పూ వస్తుంది. అందరూ చప్పట్లు కొట్టారు. లలితమ్మకు ఆ రోజు డ్యూటీ ఉంది. సంగతి ఫోన్‌లో సంఘం గ్రూపులో చదువుకుంది. ఏదో తేడాగా అనిపించినా, ఇష్టం అన్నారు కదా, ఎవరినీ బలవంతపెట్టలేదు కదా అని ఊరుకుంది. కప్పులు వేడినీళ్లలో కడిగి నింపే పని నర్సు కాబట్టి ఆమెకే ఇచ్చారు, ఒప్పుకుంది.

ఆ మొదటి ఆదివారం వచ్చింది. పాట మొదలైంది. జనం లేచారు.

కుర్చీలన్నీ కుడివైపు కదిలాయి. చాపలన్నీ ఎడమవైపు కదిలాయి.

ఎవరూ ఎవరికీ చెప్పలేదు. ఎవరూ చెయ్యి చూపించలేదు. ఇస్త్రీ చీరలు, సెంటు వాసనలు, నున్నటి చెప్పుల పాదాలు ఒకవైపు. పగిలిన మడమలు, సున్నం తిన్న చేతులు ఒకవైపు. కుడివైపు వరుస మధ్యలో నిలబడి ఉన్న లలితమ్మ తల తిప్పి చూసింది. ఒళ్లు మండిపోయింది. ఒక బల్ల ముందు ఇంత తేటగా గీత గీసినట్టు రెండుగా చీలిపోయి, అందరూ కళ్లు మూసుకుని భక్తిగా పాడుతున్నారు. ఏ హోటల్ వాడి చూరు కిందినుంచి తాతలు పారిపోయి వచ్చారో, ఆ చూరును తామే తెచ్చి ప్రభువు బల్లకు తగిలించుకున్నారు. దానికి ఇష్టం అని పేరు పెట్టుకున్నారు.

ఆగమ్మ ఎడమవైపే పోయి ఉండేది. కానీ ఎడమవైపు మెట్టు ఎత్తు. కుడివైపు పట్టుకోవడానికి కమ్మీ ఉంది. పైగా అందరికీ అవే అని కూతురు చెప్పిన మాట ఆమె మనసులో ఉంది. మోకాళ్ల మీద చేతులు ఆనించుకుంటూ కుడివైపు వచ్చింది. అక్కడ ట్రే దగ్గర చంద్రకాంత్ భార్య మమత నిలబడి ఉంది. మమత చెడ్డ మనిషి కాదు. చిరునవ్వుతో ఆగమ్మ మోచెయ్యి మెత్తగా పట్టుకుని, మెల్లిగా పక్కకు తిప్పింది.

“పెద్దమ్మా, మీది అటుంది.”

ఆగమ్మ నిలబడిపోయింది. మమత ముఖంలోకి చూసింది. ఎడమవైపు గిన్నె వంక చూసింది. ఆ గిన్నె ఆమె ప్రాణం. అయినా అటు పోలేదు. వెనక్కి తిరిగి, నడిచిన దారినే మళ్లీ నడిచి, చాప మీద కూర్చుని కొంగు తల మీదికి లాక్కుంది. లలితమ్మ చేతిలోని చిన్న కప్పు అప్పటికే ఖాళీ అయిపోయింది.

ఆ రోజు ఇంట్లో ఆగమ్మ ఏడవలేదు, తిట్టలేదు. జొన్నరొట్టె మామూలుగానే తిన్నది. చెయ్యి కడుక్కుని వచ్చి మాత్రం కూతురితో అన్నది.

“చిన్నప్పుడు ఇడిసిపెట్టొచ్చిన మాట ఇది. మళ్ల గుళ్లె ఇన్న. ఇగ నేను బల్లకు రాను బిడ్డా. సచ్చేదాంక రాను.”

ఆ మాట బయటివాళ్లకు చిన్నగా కనిపించవచ్చు. ఆగమ్మ లాంటి మనిషికి అది అన్నం మానేయడం కంటే పెద్ద మాట. జ్వరంలో పోయింది, మొగుడు పోయిన నెలలో పోయింది, వాన మోకాళ్లలోతు నిలిచిన రోజు చీర ఎత్తి పట్టుకుని పోయింది గానీ ఆమె ఎప్పుడూ బల్ల తప్పలేదు. ఆ ముద్ద తినకుండా, ఆ చుక్క తాగకుండా కన్నుమూస్తానేమోనన్న భయం ఆమెకు ఉంది. ఆ భయం పెట్టుకుని కూడా రానన్నది. పైగా ఇదంతా లలితమ్మ మొదలుపెట్టిన మార్పు. అందరికీ అవే అని మాటిచ్చింది కూడా ఆమే. ఆ రాత్రంతా తన మీద తనకు, చప్పట్లు కొట్టిన కమిటీ మీద, మెత్తగా మోచెయ్యి పట్టుకున్న మమత మీద కోపం ఒకదాని మీద ఒకటి పొంగింది.

విషయం తెలిసి స్వామిదాస్ అయ్యగారు ఇంటికి వచ్చాడు. రోగులకు ఇంటి దగ్గర ప్రభు భోజనం ఇవ్వడానికి ఒక చిన్న పెట్టె ఉంటుంది. అందులో రొట్టె డబ్బా, రసం సీసా, బుల్లి గ్లాసు. పాపం, మంచి మనసుతోనే ఆ పెట్టె తెచ్చాడు. గుడికి రాలేకపోతే ఏమీ బాధపడొద్దు, ఇక మీదట నెలనెలా తానే ఇంటికొచ్చి ఇస్తానని చెప్పి, బల్ల మీద గుడ్డ పరిచాడు. ఆగమ్మ ఆ బుల్లి గ్లాసును ఎగాదిగా చూసింది.

“నాకేం రోగమొచ్చింది అయ్యగారు? గుళ్లె వాడకొకటి, కాలనీకొకటి. ఇప్పుడు నాకు ఇంట్ల మూడో గ్లాసు తెచ్చిండ్రా? తీస్కపోండ్రి.”

అయ్యగారు పరిచిన గుడ్డ మడత పెట్టుకున్నాడు. మడత సరిగా కుదరక మళ్లీ విప్పి మళ్లీ పెట్టాడు. గేటు దాకా వచ్చిన లలితమ్మతో, నేను ఇట్లా అనుకోలేదక్కా అన్నాడు. మీరేదీ అనుకోకపోవడం వల్లే ఇంత దాకా వచ్చిందని లలితమ్మ ముఖం మీదే చెప్పింది.

తరువాతి కమిటీ మీటింగుకు ఆమె డ్యూటీ మార్చుకుని మరీ పోయింది. రెండు వరుసలు తీసేయాలి, అందరికీ చిన్న కప్పులే ఇవ్వాలి అన్నది. వాడ పెద్దమనుషులు ఈసారి అడ్డం చెప్పలేదు. ఆగమ్మ వెనక్కి తిరిగిపోవడం వాళ్లూ చూశారు. అడ్డం చెప్పింది చంద్రకాంత్. అది కూడా నవ్వుతూనే చెప్పాడు. కప్పులు కావాలన్నది నువ్వే కదక్కా అన్నాడు. గిన్నె వాడవాళ్ల సెంటిమెంటు, దాన్ని మనం గౌరవించాలి అన్నాడు. సంప్రదాయాన్నీ మార్పునూ పక్కపక్కన నడిపిస్తున్న సంఘం మనదొక్కటే అని గొప్పగా అన్నాడు. లలితమ్మ దేనికీ లొంగకపోయేసరికి గొంతు తగ్గించి, అసలు మాట బయటపెట్టాడు. కిందివాడలో టీబీ మందులు వాడేవాళ్లున్నారు, ఎల్లేష్ మేస్త్రీ నిన్నమొన్నటిదాకా దగ్గుతూనే ఉన్నాడు, నర్సువి, నీకు తెలియదా?

లలితమ్మకు కోపం నెత్తికెక్కింది.

“టీబీ గిన్నెతోని రాదు చంద్రకాంత్, గాలితోని వస్తది. గాలిని గూడ కుడిపక్కకొకటి, ఎడమపక్కకొకటి పంచుదమా? ఎల్లేష్ మందులన్నీ మింగి నయమైండు. నా చేతులతోనే ఇచ్చిన.”

చంద్రకాంత్ సర్దుకుని, అసలు అందరికీ సరిపడా కప్పులు లేవు, ఉన్నది ఒక్క ట్రే అన్నాడు. అందులో ఉన్న కప్పులు కాలనీ కుటుంబాలకు సరిగ్గా సరిపోయినట్టు తెచ్చారన్నది లలితమ్మకు అప్పుడే వెలిగింది. ఇష్టమట. ఎవరి ఇష్టం ఏమిటో కప్పులు కొనకముందే తెలుసన్నమాట.

దానికేముంది, ముందు కొందరు తాగాక ఆ కప్పులనే మరిగే నీళ్లలో కడిగి మిగతావాళ్లకు నింపుదాం అన్నది లలితమ్మ.

ఒకరు ఫోను చూసుకున్నారు. ఇంకొకరు కిటికీలోంచి బయటికి చూశారు. మమత మాత్రం, అది బాగుండదు కదక్కా అని చిన్నగా అన్నది. ఏది బాగుండదో చెప్పమని లలితమ్మ నిలదీసింది. మమత ఎర్రబడ్డ ముఖంతో భర్త వంక చూసింది. చంద్రకాంత్ ఈ విషయం తరువాత చూద్దామని ఫైలు మూశాడు. అయ్యగారు తల ఎత్తలేదు.

తల ఎత్తని ఆ మనిషి మరుసటి నెల బల్లకు ముందురోజు, శనివారం సాయంత్రం ఫోన్ చేశాడు. ఇన్ని రోజులుగా నిద్ర లేదన్నాడు. ఆగమ్మవ్వ మాట చెవిలోంచి పోవడం లేదన్నాడు. కప్పులు నింపే పని మీదే కదక్కా, రేపు మీరెట్లా చెబితే అట్లా ఇస్తాను, కమిటీకి జవాబు నేనే చెప్పుకుంటాను అన్నాడు. ఏం చేయాలో లలితమ్మ ఫోన్‌లోనే వివరంగా చెప్పింది.

ఆదివారం పొద్దున ఆమె తల్లిని ఒక్కటే అడిగింది. బల్లకు రావద్దు, ఊరికే చర్చికి రా అని. ఆగమ్మ అనుమానంగా చూసి, సరేనని చీర మార్చుకుంది.

చర్చిలో బల్లకు పక్కన, అందరికీ కనిపించేచోట, లలితమ్మ ఒక టేబుల్ వేసింది. దాని మీద కరెంటు స్టవ్, స్టవ్ మీద మూతపెట్టిన పెద్ద నీళ్ల తపేలా, పక్కన పట్టకారు, ఉతికి ఆరేసిన తెల్లగుడ్డ. ప్రార్థన నడుస్తున్నంతసేపూ నీళ్లు కుతకుతమంటూనే ఉన్నాయి. కుర్చీల్లో ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చంద్రకాంత్ లేవబోయాడు. అయ్యగారు చెయ్యెత్తి ఆపాడు.

ఈ రోజు వరుస ఒక్కటే అని ఆయన చెప్పాడు. పాత గిన్నెలోనే రసం ఉంటుంది, అందరికీ ఆ ఒక్క గిన్నెలోంచే చిన్న కప్పుల్లో పోసి ఇస్తాం, పెద్దవాళ్లూ మోకాళ్ల నొప్పులవాళ్లూ ముందు రావాలి, వాళ్లయ్యాక కప్పులు కడిగి మిగతావాళ్లకు ఇస్తాం అన్నాడు. గిన్నె రెండు చేతులతో ఎత్తి, ఒక్కొక్క కప్పులోకి వంచాడు.

చాపల మీది ఆడవాళ్లు ఆగమ్మ వంక చూశారు. ఆమె లేస్తేనే వాళ్లు లేచేట్టున్నారు. ఆగమ్మ ఎడమవైపు చూసింది. అక్కడ ఎవరూ లేరు, ఏమీ లేదు. కుడివైపు చూసింది. కమ్మీ పక్కన కూతురు చెయ్యి చాచి నిలబడి ఉంది. పక్కనున్న ఆమె భుజం పట్టుకుని లేచింది.

ఆమె తాగింది. ఎల్లేష్ తాగాడు. చాపలన్నీ ఆమె వెనకే లేచి రావడంతో వాడంతా తాగింది. ఖాళీ కప్పులు ట్రేలోకి వచ్చాయి. లలితమ్మ వాటిని అందరి కళ్లముందే మరిగే నీళ్లలో వేసింది. ఆపరేషన్ థియేటర్‌లో కత్తెరలు ఉడికించినంతసేపు ఉడికించింది. పట్టకారుతో ఒక్కొక్కటి తీసి, నీళ్లు వంచి, గుడ్డ మీద బోర్లించింది. ఆరాక అయ్యగారు మళ్లీ నింపాడు. ట్రే పట్టుకుని కటకటాల దగ్గర నిలబడి, మిగతావాళ్లు రావాలని పిలిచాడు.

కుర్చీల్లోంచి ఎవరూ లేవలేదు.

లలితమ్మ ఒక్కొక్క ముఖమే చూసింది. అందరూ తెలిసిన ముఖాలే. వీళ్ల పిల్లలకు తను సూదులు వేసింది, వీళ్ల తల్లుల పుండ్లు కడిగింది. హైదరాబాద్ పోయే దారిలో ధాబా దగ్గర కారు ఆపి, ఒకే బకెట్ మురికి నీళ్లలో ముంచి తీసిన గ్లాసులో చాయ్ తాగుతారు వీళ్లు. అంతకుముందు ఆ గ్లాసులో ఎవరు తాగారని ఒక్కరూ అడగరు. ఇక్కడ అడగక్కర్లేదు, తెలుసు. అదే వచ్చిన కష్టం. ఇన్నాళ్లూ క్రిములు, క్రిములు అన్నారు. క్రిములన్నీ వాళ్ల కళ్లముందే ఉడికి చచ్చాయి. ఇప్పుడు ఏ పేరు పెడతారో పెట్టమని గట్టిగా అరవాలనిపించింది ఆమెకు. పళ్లు బిగపట్టి నిలబడింది.

ముందు వరుసలో నిర్మలమ్మ కదిలింది. చంద్రకాంత్ తల్లి చెయ్యి పట్టుకుని, వద్దమ్మా అని మెల్లిగా లాగాడు. ఆమె ఆ చేతిని విడిపించుకుంది. వంగిన నడుముతో వచ్చి, మోకరించలేక నిలబడే, ట్రేలోంచి కప్పు తీసుకుని తాగింది. తాగి, తన కుర్చీకి పోకుండా, పోయి చాప మీద ఆగమ్మ పక్కన కూర్చుంది. ఆమె వెనక ఒక టీచరమ్మ లేచింది. కొందరు కాలేజీ పిల్లలు లేచారు. వాళ్ల వెనక ఇంకొందరు తలలు వంచుకుని వచ్చారు. తక్కినవాళ్లు రాలేదు. మమత కళ్లు తుడుచుకుంటూ కూర్చుంది గానీ లేవలేదు. చంద్రకాంత్ ఎదుటి గోడ వంక చూస్తూ కూర్చున్నాడు.

ట్రేలో కప్పులు నిండుగా మిగిలిపోయాయి.

ఆ బల్ల మీద ప్రార్థించి పోసిన రసాన్ని పారబోయకూడదు, సీసాలోకి తిరిగి పోయకూడదు. మిగిలింది ఎంతైనా అయ్యగారే అక్కడే తాగేయాలి. అది ఆ చర్చి పుట్టినప్పటినుంచీ ఉన్న కట్టుబాటు. మామూలుగా అయితే గిన్నె అడుగున ఒక గుక్క మిగులుతుంది, ఎవరూ గమనించరు. ఈ రోజు స్వామిదాస్ అయ్యగారు ట్రే బల్ల మీద పెట్టుకుని, జనం వైపే తిరిగి నిలబడి, రానివాళ్ల కప్పులు ఒక్కొక్కటే ఎత్తి తాగడం మొదలుపెట్టాడు. తొందరపడలేదు. తాగిన కప్పు పక్కన పెట్టి, ఇంకొకటి తీశాడు. కుర్చీల్లో కూర్చున్నవాళ్లకు ఏ కప్పు తమదో తెలియదు. అందుకే ప్రతి కప్పుకూ అందరి తలలూ ఇంకొంచెం కిందికి పోయాయి. ఆఖరి కప్పు అయ్యాక ఆయన మూతి తుడుచుకుని, అందరినీ దీవించి పంపాడు.

బయట చెప్పులు విడిచిన చోట చంద్రకాంత్ ఆగమ్మకు ఎదురొచ్చాడు. ముఖం వాడిపోయి ఉంది. నిజంగానే నొచ్చుకున్నాడు, నటన కాదు.

“పెద్దమ్మా, మేమెవ్వరం మిమ్ముల తక్కువ జూడలే. నా మనసుల ఏం లేదు.”

ఆగమ్మ ఒక చేత్తో గోడ పట్టుకుని, కాలితో చెప్పు వెతుక్కుంటోంది. తల ఎత్తి అతని వంక చూసింది.

“మా ఊరి హోటలాయన మనసుల గూడ ఏం లేకుండె బిడ్డా. మంచోడే. ఒక్కనాడు తిట్టలే, కొట్టలే. మీది గటుంది అనేటోడు, గంతే. మీ అవ్వనడుగు, జెప్తది.”

చెప్పు దొరికింది. దాన్ని తొడుక్కుని, నిర్మలమ్మ చెయ్యి పట్టుకుని, ఆటో ఎక్కడుందో చూడమని కూతురికి చెప్పింది.